రాజు వైపు తండ్రి, పార్లమెంటు వైపు కొడుకు: సర్ రాల్ఫ్ వెర్నీ కుటుంబం కథ

1642లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. సర్ ఎడ్మండ్ వెర్నీ రాజు జెండా మోస్తూ రణరంగంలోకి దిగాడు. ఆయన పెద్దకొడుకు రాల్ఫ్ అప్పటికే పార్లమెంటు సభ్యుడు, పార్లమెంటు పక్షమే. ఏడాది తిరిగేసరికి రాల్ఫ్‌కి ఆ పార్లమెంటుతోనూ చెడింది. దేశం విడిచిపోయాడు, సభ్యత్వం పోయింది, భూములు జప్తయ్యాయి. 1661లో రెండో చార్లెస్ ఇదే రాల్ఫ్‌ని బారోనెట్‌ని చేశాడు. రాజుకి ఎదురు నిలిచిన సభలో కూర్చున్న మనిషికి ఆ రాజు కొడుకే వంశపారంపర్య బిరుదు ఎందుకిచ్చాడన్నది ఈ కుటుంబం గురించి చదివేవాళ్లకి మొదట తగిలే చిక్కు. బిరుదుల చరిత్ర చూస్తే ఈ చిక్కు విడదు. ఇంట్లో వాళ్లు రాసుకున్న ఉత్తరాలు చదివితే విడుతుంది. ఆ ఉత్తరాల్లో మనకి కనిపించే అసలు మనిషి రాల్ఫ్ భార్య మేరీ అని నా అభిప్రాయం.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. ఈ ఇంట్లో ఎడ్మండ్‌లూ రాల్ఫ్‌లూ తరతరానా వస్తారు. రాజు జెండా మోసింది తండ్రి ఎడ్మండ్. ఆయన కొడుకుల్లో ఒకడి పేరూ ఎడ్మండే, ఇంట్లో 'మన్' అని పిలిచేవాళ్లు. రాల్ఫ్ పెద్దకొడుకు మళ్లీ ఎడ్మండ్, ఆ ఎడ్మండ్ కొడుకుల్లో ఒకడు ఎడ్మండ్. 15వ శతాబ్దంలో లండన్ మేయర్‌గా చేసి, బకింగ్‌హామ్‌షైర్‌లో మిడిల్ క్లేడన్ అనే ఊరి భూములు కొన్న వర్తకుడి పేరు రాల్ఫ్. మన బారోనెట్ రాల్ఫ్, ఆయన మనవడొకడు రాల్ఫ్, తర్వాత ఎర్ల్ అనే ప్రభువు హోదాకి ఎక్కిన ఇద్దరూ రాల్ఫ్‌లే. ఈ వ్యాసంలో రాల్ఫ్ అని ఊరికే అంటే 1613లో పుట్టి 1696లో పోయిన బారోనెట్ రాల్ఫ్ అనే అనుకోండి.

ఇక బారోనెట్ అంటే ఏమిటి? 1611 మే 22న మొదటి జేమ్స్ రాజు పెట్టిన బిరుదు ఇది. ఖజానా ఖాళీగా ఉంది, ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో సైన్యాన్ని పోషించాలి. ఏటా కనీసం 1000 పౌన్ల రాబడి ఉన్న భూస్వాముల్ని పిలిచి, 30 మంది సైనికులకి మూడేళ్ల జీతం కట్టండి, బిరుదు ఇస్తామన్నారు. మనిషికి రోజుకి 8 పెన్స్ చొప్పున 30 మందికి 240 పెన్స్, అంటే సరిగ్గా ఒక పౌను. మూడేళ్లకి 1095 పౌన్లు. నైట్ పేరుకి ముందు 'సర్' ఉంటుంది కానీ అది ఆ మనిషితోనే పోతుంది. బారోనెట్ పేరుకీ 'సర్' ఉంటుంది, అది పెద్దకొడుక్కి సంక్రమిస్తుంది. అయినా ప్రభువుల సభలో మాత్రం చోటు దొరకదు. జమీందారుకి ఎక్కువ, ప్రభువుకి తక్కువ అన్నమాట. రాల్ఫ్‌కి ఈ బిరుదు వచ్చేనాటికి అల్‌స్టర్ సైనికుల సంగతి పాతబడిపోయింది. రాజు తిరిగి సింహాసనమెక్కినప్పుడు ఎవరెవరిని దగ్గరికి తీసుకోవాలో చూసుకుని ఇచ్చిన గౌరవాల్లో ఇదొకటి.

తండ్రి ఎడ్మండ్ రాజు కొలువులో నైట్ మార్షల్, అంటే రాజభవనం పరిసరాల్లో శాంతిభద్రతలు చూసే అధికారి. మత విషయాల్లో మాత్రం ఆయన మనసు పార్లమెంటు వైపే మొగ్గింది. ఎడ్వర్డ్ హైడ్ అనే స్నేహితుడితో ఆయన అన్న మాటల్ని హైడ్ తర్వాత రాసి పెట్టాడు. దాదాపు 30 ఏళ్లు ఆయన ఉప్పు తిన్నాను, ఇప్పుడు వదిలేసి వెళ్లే నీచపు పని చేయలేను, ఏ బిషప్పుల కోసం ఈ గొడవంతా జరుగుతోందో వాళ్ల మీద నాకు గౌరవం లేదు, అయినా ప్రాణం ఇస్తాను, అది పోతుందని నాకు తెలుసు అన్నది వాటి సారాంశం. అన్నట్టే 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ దగ్గర జరిగిన తొలి పెద్ద యుద్ధంలో చనిపోయాడు. జెండాని రాజు సైనికులు మళ్లీ చేజిక్కించుకున్నారు, ఎడ్మండ్ శవం మాత్రం దొరకలేదు. తెగిన చెయ్యి జెండా కర్రని వదల్లేదని, ఆ చేతికి రాజు బొమ్మ ఉన్న ఉంగరం ఉందని కథగా చెప్పుకుంటారు.

తండ్రీకొడుకుల మధ్య చీలిక కంటే అన్నదమ్ముల మధ్య చీలిక ఇంకా బాధగా ఉంటుంది. తమ్ముడు మన్ రాజు సైన్యంలో అధికారి. అన్న పార్లమెంటు వైపు వెళ్లాడని తెలిసి 1642 సెప్టెంబరులో ఉత్తరం రాశాడు. రాజు పవిత్రుడన్నాడు, నువ్వు చేసింది ఏమీ బాగా లేదన్నాడు, నిన్ను ఇంతగా ప్రేమించే నాన్న, నేను రాజు మీద కర్తవ్యం వల్ల నీకు శత్రువులం కావలసి వస్తోందని మొత్తుకున్నాడు. రాల్ఫ్ జవాబివ్వలేదు. నెలల తర్వాత, నా ఉత్తరానికి నొచ్చుకున్నావేమోనని మన్ మళ్లీ రాశాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసిపోయారు. 1649లో ఐర్లండ్‌లోని ద్రోహెడా కోటని పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ పట్టుకున్నప్పుడు మన్ ఆ కోటలో ఉన్నాడు. ప్రాణభిక్ష దొరికిన మూడు రోజులకి, క్రామ్‌వెల్ రక్షణలో ఆయన పక్కనే నడుస్తుండగా, తెలిసినవాడొకడు మాట్లాడాలని పక్కకి పిలిచి కత్తితో పొడిచేశాడని రాల్ఫ్‌కి ఉత్తరం అందింది.

రాల్ఫ్ ఎందుకు దేశం వదిలాడు? ఆయన పిరికివాడని కొందరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. 1640లో ఐల్స్‌బరీ నుంచి ఎన్నికై, సభలో కూర్చుని చిన్న చిన్న కాగితాల మీద పెన్సిల్‌తో చర్చలు రాసుకున్న మనిషి. ఆ నోట్సు 1845లో అచ్చయింది, ఆ సభ గురించి రాసే చరిత్రకారులకి ఇప్పటికీ పనికొస్తోంది. రాజు నిరంకుశత్వానికి అడ్డుకట్ట వేయాలని నిజంగానే నమ్మాడు. 1643లో స్కాట్లండ్ సైన్యం సాయం కోసం పార్లమెంటు ఒక ఒప్పందం చేసుకుంది. ఇంగ్లండు చర్చి తీరు మార్చేందుకు కట్టుబడి ఉంటామని సభ్యులందరూ ప్రమాణం చేసి సంతకం పెట్టాలంది. మనసు ఒప్పని ప్రమాణం చేయనన్నాడు రాల్ఫ్. అలాగని రాజు దగ్గరికీ పోలేదు. ఆ ఏడాది చివర్లో భార్యనీ, ఎడ్మండ్, పెగ్ అనే ఇద్దరు పెద్దపిల్లల్నీ తీసుకుని, స్మిత్ అనే మారుపేరుతో ఫ్రాన్స్ చేరాడు. బ్లువా అనే ఊళ్లో కాపురం పెట్టాడు. మూడేళ్ల కొడుకు జాన్‌ని క్లేడన్‌లో మేనత్తల దగ్గర వదిలారు. సభకి రాలేదన్న కారణంతో 1645 సెప్టెంబరులో సభ్యత్వం తీసేశారు. 1646 నాటికి ఎస్టేట్ జప్తులోకి వెళ్లింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చూడాలి. ఇంగ్లిషులో సీక్వెస్ట్రేషన్ అనే ఈ జప్తులో భూమి యజమాని పేరనే ఉంటుంది, కౌలు డబ్బు మాత్రం కమిటీ వసూలు చేసుకుంటుంది. రాజుకి సాయం చేసినవాళ్ల మీద ప్రయోగించడానికి పెట్టిన చట్టమిది. దీన్నుంచి బయటపడే మామూలు దారి ఏమిటంటే, తప్పు చేశానని ఒప్పుకుని ఆస్తి విలువని బట్టి జరిమానా కట్టడం. రాల్ఫ్ కత్తి పట్టలేదు, రాజుకి పైసా పంపలేదు. చెయ్యని తప్పు ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేదు. పైగా ఆస్తి మీద తండ్రి నాటి అప్పులు మోపెడు. ఆయన ఇంగ్లండులో అడుగు పెడితే అరెస్టు చేయవచ్చు. అందుకని వాదించడానికి ఇంకొకరు వెళ్లాలి. మేనమామ డాక్టర్ విలియం డెంటన్ సలహా చాలా సూటిగా ఉంది. నీ భార్యకి అన్నీ నేర్పించి పంపు, కమిటీల దగ్గర ఆమెనే నడపనీ, ఈ రోజుల్లో ఆడవాళ్లకి దొరికే వెసులుబాటు మగవాళ్లకి లేదు అన్నాడు.

మేరీ బ్లాక్‌నల్ కథ అసలు అక్కడ మొదలవదు. 1625లో తొమ్మిదేళ్లకే తల్లీతండ్రీ ఇద్దరూ పోయారు. ఆబింగ్డన్‌లో ఆస్తికి ఆమె వారసురాలు. ఆనాటి చట్టం ప్రకారం మైనర్ వారసుల సంరక్షణ రాజుది. ఆ హక్కుని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే కార్యాలయం అమ్మేది, కొన్నవాళ్ల చేతుల్లోనే పిల్ల పెళ్లి. మేరీ సంరక్షణని బంధువులు 2000 పౌన్లకి మాట్లాడుకుని సగం కట్టారు. వాళ్లలోనే ఒకాయన తన కొడుక్కి చేసుకోవాలని చూశాడు. చివరికి సర్ ఎడ్మండ్ ఆ బాకీ 1000 పౌన్లు నెత్తినేసుకుని తన కొడుక్కి చేసుకున్నాడు. 1629 మే 31న పెళ్లినాటికి ఆమెకి 13, రాల్ఫ్‌కి 15. కొనుగోలులా మొదలైన ఈ పెళ్లిలోనే ఆ కుటుంబం ఉత్తరాలన్నిటిలోకీ లోతైన ప్రేమ కనిపిస్తుంది. నన్ను ఈ కుటుంబానికి కట్టిపడేసింది ఇదే.

1646 చివర్లో ఆమె గర్భిణిగా ఉండి, ఒక్కతే సముద్రం దాటి లండన్ చేరింది. అద్దెగది, డబ్బు కటకట, పెద్దవాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడం, రేపు రా మాపు రా అనే కమిటీలు. తనకి తెలిసిన పెద్దింటి ఆడవాళ్లనీ వాళ్ల భర్తలనీ పట్టుకుని కమిటీలో ఓట్లు కూడగట్టింది. ఆ మధ్యలోనే 1647 జూన్‌లో కొడుకు పుట్టాడు. పుట్టకముందే పేరు విషయంలో భర్తతో ఉత్తరాల మీదే వాదన పెట్టుకుంది. ఏ విషయంలోనైనా మీ మాట వింటాను గానీ, మగపిల్లాడైతే పేరు మాత్రం మీదే పెడతానంది. పెట్టింది. పాత పద్ధతిలో బాప్టిజం ఇచ్చే మతగురువు దొరుకుతాడో లేదోనన్న టెన్షన్ వేరే. పార్లమెంటు ఆ పద్ధతి మార్చేసింది మరి.

తర్వాత క్లేడన్ వెళ్లి ఇల్లు చూసుకుంది. అక్కడినుంచి రాసిన ఉత్తరం నాలుగేళ్ల యుద్ధం ఒక ఇంటిని ఏం చేసిందో చూపిస్తుంది. దుప్పట్లు, బట్టలు చిరిగి పీలికలయ్యాయి. గోడకట్టి దాచిన ఈకల పరుపుల్ని ఎలుకలు కొరికేశాయి. మాంసం కాల్చే చువ్వలు, పొయ్యి సామాను తుప్పు పట్టి ఇక పనికిరావు. కస్తూరి రంగు గుడ్డ వేసిన పీటలు పాడయ్యాయి, భోజనాల గది కుర్చీల గుడ్డ పీలికలుగా వేలాడుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, జాన్ కనిపించాడు. పిల్లాడు చలాకీగా ఉన్నాడు, పాటలంటే ఇష్టం, కాళ్లు మాత్రం దారుణంగా వంకర తిరిగిపోయాయని తల్లి రాసింది.

అదే ఏడాది అక్టోబరులో బ్లువాలో తండ్రి దగ్గరున్న కూతురు పెగ్ జబ్బుచేసి చనిపోయింది. కొద్ది రోజుల తేడాలో ఇంగ్లండులో పసివాడు రాల్ఫ్ కూడా పోయాడు. సముద్రానికి అటొకరు ఇటొకరు. కూతురి సంగతి భార్యకి తను రాయలేక, డాక్టర్ డెంటన్‌కి రాసి మెల్లిగా చెప్పమన్నాడు. ఆ దుఃఖంలోనూ మేరీ పని వదల్లేదు. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. రాల్ఫ్ తప్పు ఒప్పుకోలేదు, జరిమానా కట్టలేదు, భూమి దక్కింది. 1661లో రాజు బారోనెట్ బిరుదు ఇవ్వడానికి రాల్ఫ్‌కి ఒక ఎస్టేట్ మిగిలి ఉందంటే, ఆ ఎస్టేట్‌ని వెనక్కి తెచ్చింది ఈమె.

జాన్‌ని వెంటబెట్టుకుని ఆ వసంతంలోనే ఫ్రాన్స్ చేరింది. రెండేళ్లే బతికింది. 1650 మే 10న, 34 ఏళ్లకి పోయింది. రాల్ఫ్ ఆమె శరీరం చెడకుండా మందులు పెట్టించి క్లేడన్ పంపాడు. ఆమెని నవంబరులో అక్కడే ఖననం చేశారు. ఇంకా 46 ఏళ్లు బతికినా ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో నల్లటి తెరలతో పెద్ద నల్లమంచం ఉండేది. బంధువుల్లో ఎవరు పోయినా వితంతువు పడుకోవడానికి ఆ మంచం ఆ ఇంటికి అరువు వెళ్లేది.

తండ్రి పోయాక రాల్ఫ్‌కి మిగిలిన బాధ్యత ముగ్గురు తమ్ముళ్లు, ఆరుగురు చెల్లెళ్లు. ఆస్తి పెద్దకొడుక్కి, మిగతావాళ్లకి ఏటా ఇంత అని డబ్బు. పద్ధతి తేలిగ్గానే కనిపిస్తుంది, చిక్కంతా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే. సర్ ఎడ్మండ్ కూతుళ్ల కట్నాల్ని ఉన్నిబట్టల పన్నులోంచి రాజు తనకిచ్చిన రాబడి మీద రాశాడు. యుద్ధం వచ్చి రాజు రాబడే ఆగిపోయింది. 1644 మార్చిలో తల్లి పుట్టిల్లు హిల్స్‌డెన్‌ని పార్లమెంటు సైన్యం ముట్టడించి తగలబెట్టినప్పుడు అక్కడున్న చెల్లెళ్లు కట్టుబట్టలతో బయటపడ్డారు. కట్నం గట్టిగా లేని పిల్లలకి సంబంధాలు ఎలా వస్తాయి? అప్పులపాలై జైల్లో ఉన్నవాణ్ణి ఒకామె చేసుకుంది. కేరీ అనే చెల్లెలు రాజు సైన్యంలో కెప్టెన్‌ని చేసుకుంది, అతను 1645లో యుద్ధంలో పోయాడు, ఆడపిల్ల పుట్టిందని అత్తవారు చులకన చేశారు. తర్వాత రెండో పెళ్లితో నిలదొక్కుకుని, అన్నకి జీవితాంతం లోకం కబుర్లు రాస్తూనే ఉంది. చిన్నామె బెట్టీ డబ్బులేని మతగురువుని చెప్పాపెట్టకుండా చేసుకుంది. వీళ్లందరి ఉత్తరాల్లో తిట్లున్నాయి, డబ్బు అడగడాలున్నాయి. నిజానికి వాళ్ల కోపమంతా చట్టం మీద ఉండాల్సింది, కానీ ఎదురుగా కనిపించేది అన్నే కదా.

తమ్ముడు టామ్‌ని 1634లో వర్జీనియాకి పంపారు, వెనక్కి వచ్చేశాడు. తర్వాత బార్బడోస్‌కి పంపారు. ఎక్కడికెళ్లినా అప్పులు, జైలు, అన్నకి ఉత్తరం. అందరికన్నా ఎక్కువకాలం, 1707 దాకా బతికాడు.

రాల్ఫ్ 1653లో ఇంగ్లండు వచ్చాడు. 1655లో, రాజు లేని ఇంగ్లండుని ఏలుతున్న క్రామ్‌వెల్ ప్రభుత్వం రాజు పక్షం వాళ్లన్న అనుమానం మీద చాలామందిని పట్టుకుంటే, అందులో ఈయనా ఉన్నాడు. కొన్ని నెలలు లండన్‌లో బంధించి వదిలారు, ఆ తర్వాత రాజు పక్షం వాళ్ల మీద వేసిన పన్నూ పడింది. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. పార్లమెంటు మనిషిగా బయల్దేరిన రాల్ఫ్‌ని, ఆయన ఏమీ చేయకుండానే, పార్లమెంటే రాజు మనిషిగా లెక్కగట్టేసింది. 1660లో రెండో చార్లెస్ తిరిగొచ్చి సింహాసనమెక్కేసరికి ఆయన ఖాతాలో ఎడ్జ్‌హిల్‌లో పోయిన తండ్రి, ద్రోహెడాలో పోయిన తమ్ముడు, పదేళ్ల ప్రవాసం, ఒక జైలు ఉన్నాయి. 1661 మార్చి 16న బారోనెట్ అయ్యాడు. తర్వాత 1680లలో బకింగ్‌హామ్ నుంచి మళ్లీ పార్లమెంటుకి ఎన్నికైనా, ఆస్థానం చుట్టూ తిరిగే మనిషిగా మాత్రం మారలేదు.

కొడుకుల విషయంలో ఆయన వేసిన లెక్క తలకిందులైంది. పెద్దవాడు ఎడ్మండ్‌కి పక్క ఊరు ఈస్ట్ క్లేడన్ వారసురాలు మేరీ ఏబెల్‌ని 1662లో చేశారు. రెండు ఎస్టేట్లు కలుస్తాయని ఆశ. పెళ్లైన కొన్నాళ్లకే ఆమెకి మతి చలించింది, ఆ రోజుల్లో దానికి వైద్యం లేదు. ఎడ్మండ్ 1688లో పోయాడు, అతని ఇద్దరు కొడుకుల్లో ఒకడు అతనికంటే ముందే, రెండోవాడు 1690లో. రెండో కొడుకు జాన్ ఎస్టేట్ వస్తుందని కలలో కూడా అనుకోలేదు. లెక్కలంటే ఇష్టపడే పిల్లాడు, వ్యాపారం నేర్చుకుంటానన్నాడు. 1659లో తండ్రి 400 పౌన్లు కట్టి లండన్ వర్తకుడి దగ్గర పనికి పెట్టాడు. సిరియాలోని అలెప్పోలో 12 ఏళ్లు వర్తకం చేసి 1674లో తిరిగొచ్చాడు. బానిసల్ని కొని అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ నిర్వహణలోనూ పాలు పంచుకున్నాడు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోకూడదు. 1696లో తండ్రి పోయాక, చిన్నప్పుడు క్లేడన్‌లో వదిలేసి వెళ్లిన ఈ జానే రెండో బారోనెట్ అయ్యాడు. 1703లో ఐర్లండ్ ప్రభువుల జాబితాలో వైకౌంట్ ఫర్మానా అయ్యాడు, ఆయన కొడుకు ఎర్ల్ అయ్యాడు.

పైకెక్కినంత వేగంగానే కిందకీ వచ్చారు. జాన్ మనవడు, రెండో ఎర్ల్ రాల్ఫ్, క్లేడన్‌లో తాహతుకి మించిన భవనం మొదలుపెట్టాడు. అప్పుచేసి ఈస్టిండియా కంపెనీ షేర్లు కొన్నాడు. 1765లో బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసుకునే హక్కు, కంపెనీకి వచ్చాక ఆ షేర్లు ఎగబాకుతూ ఉన్నాయి, 1766లో నిజాంతో ఒప్పందం మీద ఉత్తర సర్కారులూ కంపెనీ చేతికొచ్చాయి. కానీ హైదర్ అలీ కర్ణాటక ప్రాంతంలోకి చొచ్చుకొచ్చాడన్న వార్త 1769 మేలో లండన్ చేరగానే షేర్లు కూలిపోయాయి. ఎర్ల్ అప్పుల్లో మునిగాడు, సామాను వేలం వేశారు. 1791లో వారసుడు లేకుండా పోయాడు. 1661 నాటి బారోనెట్ బిరుదు అక్కడితో ముగిసింది. తర్వాత వచ్చిన ఆయన అన్న కూతురు భవనంలో ఎక్కువ భాగం పడగొట్టించింది.

ఇప్పటికీ వెర్నీ బారోనెట్‌లు ఉన్నారు, వాళ్లు రాల్ఫ్ సంతానమేనని చాలామంది పొరపడతారు. వాళ్ల బిరుదు వేరు. అది 1818లో కాల్వర్ట్ కుటుంబానికి వచ్చింది. ఆ ఇంటి హ్యారీ కాల్వర్ట్‌కి 1827లో క్లేడన్ ఆస్తి సంక్రమించినప్పుడు పేరు వెర్నీగా మార్చుకున్నాడు. ఈయన భార్య పార్థెనోపీ, నర్సుల చరిత్రలో అందరికీ తెలిసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌కి అక్క. ఏ కాగితమూ పారేయని రాల్ఫ్ దాచిపెట్టిన వేల ఉత్తరాల్ని కూడగట్టి, ముందుమాటలు రాసి, అచ్చుకి సిద్ధం చేసింది ఆమే. మొదటి సంపుటాలు 1892లో వచ్చాయి, అప్పటికి ఆమె పోయి రెండేళ్లయింది. మేరీ తన భర్తకి రాసిన ఉత్తరాల్ని బయటివాళ్లు మొదటిసారి చదివింది అందులోనే.